అరగంట తేడాలో బయటపడ్డ తప్పు: విస్పర్ షెడ్యూలర్ మీద మేం చేసిన పని

విస్పర్ అంటే హామ్‌లు, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, వాడే ఒక పద్ధతి. అందులో మాటలుండవు. కంప్యూటరు నాలుగు స్వరాల్ని నిదానంగా మారుస్తూ ఒక చిన్న సందేశం పంపుతుంది: కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), స్టేషన్ ఉన్న మ్యాపు గడి, పవర్ ఎంత అన్నది. ఆ మూడు ముక్కలు పంపడానికి 110.6 సెకన్లు పడుతుంది. అంత నిదానం కాబట్టే చెవికి అసలు వినపడని సిగ్నల్‌ని కూడా అవతలి కంప్యూటరు పట్టుకుంటుంది. 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న రొదకంటే 28 డెసిబెల్స్ కింద ఉన్నా చదివేస్తుంది. 2008లో దీన్ని తయారుచేసింది జో టేలర్. జంట నక్షత్రాల్లో ఉన్న పల్సార్‌ని కనిపెట్టినందుకు రసెల్ హల్స్‌తో కలిసి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాయన. క్లాసులో పల్సార్ల గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పి, ఇంటికొచ్చి ఆయన పద్ధతిలోనే రేడియో ఆన్ చేస్తాను. నాకు అదొక సంతోషం.

విస్పర్‌కి ప్రాణం టైము. యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము) లెక్కన సరిసంఖ్య నిమిషం మొదలైన ఒక సెకనుకి ట్రాన్స్‌మిషన్ మొదలవ్వాలి. ప్రపంచంలో వినేవాళ్ల కంప్యూటర్లన్నీ అదే రెండు నిమిషాల ముక్కని రికార్డు చేసి విప్పుతాయి. మన గడియారం రెండు సెకన్లకి మించి అటూ ఇటూ అయితే ఎంత పవర్ పెట్టినా దండగే. అన్నదాతలకి తెలిసిన మాటలో చెప్పాలంటే కాలవ కింద నీళ్ల వంతు లాంటిది: మన వంతుకి మడవ తియ్యాలి, పక్కవాడి వంతుకి కట్టెయ్యాలి. ఆ రెండు నిమిషాల ముక్కనే స్లాట్ అంటాం, రోజుకి 720 స్లాట్లు. వాటిలో ఎప్పుడు పంపాలి, ఎప్పుడు ఊరుకుని వినాలి, ఏ బ్యాండ్ మీద (20 మీటర్లు, 40 మీటర్లు అని పిలిచే ఫ్రీక్వెన్సీల వరసల్లో దేని మీద) ఉండాలి అని తేల్చే కోడ్‌నే షెడ్యూలర్ అంటాం. మేం ముగ్గురం కలిసి పనిచేసింది దాని మీద.

నేను కావలిలో ఉంటాను, డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మేడ మీద తీగ యాంటెన్నా, టేబుల్ మీద రేడియో, దాని పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటరు. రెండో ఆయనది ఒంగోలు. టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు ఉంది. నేను అన్నా అని పిలుస్తాను. రేడియోలో నాకంటే బాగా సీనియర్, ఏ వైరు ఎక్కడ వేడెక్కుతుందో చెయ్యి పెట్టకుండా చెప్తాడు, కోడ్ మాత్రం రాయడు. మూడోవాడు కందుకూరు అబ్బాయి, ఒకప్పుడు నా స్టూడెంటు, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడికి ఇంకా లైసెన్సు లేదు, పరీక్షకి చదువుతున్నాడు. మేం వాడే ప్రోగ్రాం ఓపెన్ సోర్స్, కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపొచ్చు. యూరప్‌లో ఉండే ఒక హామ్ దాన్ని ఏళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్నాడు. షెడ్యూలింగ్ భాగం పాతబడిపోయింది, తిరగరాయడానికి ఎవరైనా సాయం పడతారా అని ఆయనే అడిగాడు. మాకూ ఆ భాగంతోనే పేచీ ఉంది కాబట్టి దిగాం.

మా పేచీ ఇది. ప్రోగ్రాంని 20 మీటర్ల బ్యాండ్ మీద కదలకుండా పెడితే అంతా బాగుండేది. సాయంత్రం దాటాక యూరప్ నుంచి రిపోర్టులు, అంటే మా సిగ్నల్ అందిందని వినేవాళ్ల కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో పెట్టే వరసలు, వరసగా వచ్చేవి. అందులో ఆ ప్రోగ్రాం పెద్దాయన స్టేషన్ కూడా ఉండేది. బ్యాండ్ హాపింగ్ (స్లాట్ స్లాట్‌కీ బ్యాండ్ మార్చడం) ఆన్ చేస్తే మాత్రం ఆయన స్టేషన్ రిపోర్టుల్లోంచి మాయమయ్యేది. ఆయన కూడా అదే ప్రోగ్రాంని హాపింగ్‌లో పెట్టి వింటున్నాడు. ఎప్పుడూ ఒకే బ్యాండ్ మీద కూర్చుని వినే స్టేషన్లు మమ్మల్ని పట్టుకుంటూనే ఉన్నాయి. నాకు ఒంగోలు, ఒంగోలుకి నేను శుభ్రంగా వినపడుతున్నాం. కోడ్ మీద అనుమానం రాకపోవడానికి కారణం అదే. యాంటెన్నా ట్యూనింగ్ చూశాం. రొయ్యల చెరువుల ఏరేటర్ల రొద ఏమో అనుకున్నాం. అన్న అయితే కాలనీలో కొత్తగా పెట్టిన ఎల్ఈడీ వీధి లైట్ల మీదకి పోయాడు.

హాపింగ్ ఎలా నడుస్తుందో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. విస్పర్ వాళ్లు అందరూ ఒకే సమయంలో ఒకే బ్యాండ్ మీద ఉండేలా ఒక ఒప్పందం పెట్టుకున్నారు. ఇరవై నిమిషాల చక్రం, పది బ్యాండ్లు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. యూటీసీ గంట కొట్టగానే 160 మీటర్లు, 02కి 80, 04కి 60, 06కి 40, 08కి 30, 10కి 20, 12కి 17, 14కి 15, 16కి 12, 18కి 10. ఇరవయ్యో నిమిషానికి మళ్లీ మొదటికి. గంటకి మూడు చక్రాలు. మేం అందులో 40, 20, 15, 10 మీటర్లలోనే పంపుతాం, మిగతా స్లాట్లలో వింటాం.

ఒక రాత్రి నేను మా లాగ్‌నీ యూరప్ పెద్దాయన పంపిన లాగ్‌నీ పక్కపక్కన పెట్టుకుని, నోటుబుక్కులో రెండు నిలువు గీతలు గీసి రాయడం మొదలుపెట్టాను. మా కంప్యూటరు 20 మీటర్లలో పంపింది రాత్రి 9:10కి. అంటే యూటీసీ 15:40. నలభైని ఇరవైతో భాగిస్తే శేషం సున్నా. శేషం సున్నా అంటే 160 మీటర్ల వంతు. మేం 20 మీటర్లలో పంపుతుంటే ఆయన రిసీవర్ 160లో కూర్చుని ఉంది. తర్వాతి వరస చూశాను. మా 40 మీటర్లు 9:26కి, యూటీసీ 15:56, శేషం 16, ఆయన 12 మీటర్లలో. 15 మీటర్లలో మేముంటే ఆయన 60లో, మేం 10లో ఉంటే ఆయన 30లో. ఒక్క బ్యాండ్ కూడా కలవలేదు. ప్రతి వరసలోనూ సరిగ్గా పది నిమిషాల తేడా, ఐదు బ్యాండ్ల జరుగుడు.

ప్రోగ్రాం చక్రాన్ని యూటీసీతో కాకుండా కంప్యూటరు లోకల్ టైముతో లెక్కేస్తోంది. తెర మీద చూపించడానికి తీసుకున్న టైమునే షెడ్యూలింగ్‌కీ వాడేశారు. యూరప్‌లో ఉన్నవాళ్లకి ఇది ఎన్నేళ్లయినా కనపడదు. ఎందుకంటే వాళ్ల గడియారం యూటీసీకి పూర్తి గంటల తేడాలో ఉంటుంది. గంటలో సరిగ్గా మూడు చక్రాలు పడతాయి కాబట్టి ఒక గంట కలిపినా, రెండు గంటలు కలిపినా శేషం మారదు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకి తిప్పినా ఏమీ కాదు. మనది ఐదున్నర గంటలు. ఆ అరగంట ఇరవైతో భాగిస్తే పది మిగులుతుంది. చక్రం సగానికి తిరిగిపోతుంది.

మరి ఒకే బ్యాండ్ మీద ఎందుకు బాగా నడిచింది? ఐదున్నర గంటలంటే 330 నిమిషాలు, సరిసంఖ్య. మనకి సరిసంఖ్య నిమిషం అయితే యూటీసీకీ సరిసంఖ్యే. అందుకని మామూలు స్లాట్ తప్పలేదు. శ్రీలంకదీ మన టైమే, అక్కడా ఇంతే. కానీ నేపాల్ ఉంది చూశారా, యూటీసీకి ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు ముందు. 345 నిమిషాలు, బేసిసంఖ్య. ఖాట్మండులో ఎవరైనా ఈ ప్రోగ్రాం పెట్టి ఉంటే హాపింగ్ లేకుండానే మొదటి రాత్రే బండారం బయటపడేది: వాళ్లు పంపేదంతా బేసి నిమిషాల్లో పడి ఒక్కరికీ అందేది కాదు. ఎఫ్‌టీ8 అనే ఇంకో రేడియో పద్ధతిలో అయితే ఈ గొడవ ఎవరికీ రాదు. అక్కడ స్లాట్ 15 సెకన్లే, నిమిషంలో నాలుగు, ఏ దేశపు గడియారమైనా నిమిషం దగ్గర కలుస్తుంది. తప్పు ఒకటే అయినా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాన్ని బట్టి అది కనపడడం, కనపడకపోవడం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఇలాంటి కోడ్‌ని మన ప్రాంతాల నుంచి కూడా మనుషులు చదవాలి, కేవలం వాడితే సరిపోదు అని నాకు గట్టిగా అనిపించింది ఆ నోటుబుక్కు ముందే.

నేను ఒంగోలుకి ఫోన్ చేసి చెప్తే అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అమ్మాయ్, మనిద్దరం తప్పు గడియారంతోనే ఒకరికొకరం వినపడతా ఉండామన్నమాట" అన్నాడు. అంతే మరి. ఇద్దరం ఒకే తప్పులో ఉన్నాం కాబట్టి ఒకరి వంతు ఒకరికి కలిసింది. పక్కూరి స్టేషన్‌తో పరీక్షించి బాగుందనుకోవడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది.

దిద్దుబాటు ఒక్క లైను. లోకల్ టైము తీసుకునే చోట యూటీసీ తీసుకోవడం. కందుకూరు అబ్బాయి ఆ రాత్రే రాసి పుల్ రిక్వెస్ట్ (మార్పుని అసలు కోడ్‌లో కలపమనే విన్నపం) పంపేశాడు. యూరప్ పెద్దాయన రివ్యూలో ఒకే ప్రశ్న అడిగాడు: రేపు ఇంకెవరైనా ఈ లైనుని మళ్లీ పాత దారికి మారిస్తే మనకి ఎలా తెలుస్తుంది? టెస్ట్ ఏది?

టెస్ట్ రాద్దామని కూర్చుంటే అసలు కష్టం అక్కడ మొదలైంది. పాత కోడ్‌లో నిర్ణయం, గడియారం, రేడియో మూడూ ఒకే ఫంక్షన్‌లో ముడిపడి ఉన్నాయి. అది ఒక లూపు. సెకనుకోసారి నిద్రలేచి గడియారం చూస్తుంది, సరిసంఖ్య నిమిషమా, సెకను ఒకటా అని అడుగుతుంది, అవునంటే అక్కడికక్కడే రేడియోని పంపే స్థితికి మారుస్తుంది. దాన్ని పరీక్షించాలంటే నిజంగా రాత్రి తొమ్మిదింటిదాకా ఆగాలి. పైగా ఇందులో ఇంకో బలహీనత ఉంది. ముందు స్లాట్‌లో విన్నది విప్పే పనిలో రాస్ప్‌బెర్రీ పై తలమునకలై ఉంటే లూపు ఆలస్యంగా లేస్తుంది. సున్నా తర్వాత నేరుగా రెండో సెకను చూస్తుంది. "సెకను ఒకటా" అన్న ప్రశ్నకి కాదు అని జవాబొస్తుంది, స్లాట్ పోతుంది. స్లాట్లు అప్పుడప్పుడు ఊరికే ఎగిరిపోవడం మేం ముందునుంచీ చూస్తున్నాం, కారణం ఇదని తెలియదు.

అందుకని నేను ఒక మాట మీద నిలబడ్డాను. నిర్ణయం చేసే భాగం గడియారం వైపు చూడకూడదు. టైము దానికి బయటినుంచి ఇవ్వాలి. "ఫలానా స్లాట్, ఫలానా సెట్టింగులు" అని ఇస్తే "ఫలానా బ్యాండ్, పంపు" లేదా "విను" అని చెప్పి ఊరుకోవాలి. రేడియోని ముట్టుకునే భాగం వేరు, టైము చూసే భాగం వేరు.

అన్నకి ఇది మొదట మింగుడు పడలేదు. "గడియారం చూడకుండా షెడ్యూల్ ఏంది? చూడందే ఎట్టా తెలుస్తది?" అన్నాడు. కందుకూరు అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు: "అంకుల్, గడియారం చూసేది వాచ్‌మన్ పని. ఇప్పుడు ఎన్నో స్లాటో వాచ్‌మన్ చెప్తాడు. ఏం చెయ్యాలో ఈ ఫంక్షన్ చెప్తుంది. మనం టెస్ట్‌లో వాచ్‌మన్ వేషం వేసుకుని ఏ టైము కావాలంటే ఆ టైము చెప్పొచ్చు." స్లాట్ నంబరు దొరకడం కూడా తేలికే. కంప్యూటర్లు 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ సంఖ్యని 120తో భాగిస్తే వచ్చేదే స్లాట్ నంబరు. ఆ స్లాట్ నంబరుని పదితో భాగిస్తే మిగిలే శేషమే హాపింగ్ పట్టికలో వరస. మధ్యలో లోకల్ టైముకి చోటే లేదు.

ఇలా విడదీశాక టెస్టులు రాయడం పండగలా అయింది. కంప్యూటరుని కోల్‌కతా టైములో, ఖాట్మండు టైములో, అడిలైడ్ టైములో, టెహ్రాన్ టైములో ఉన్నట్టు పెట్టి, ఒకే యూటీసీ సెకను ఇచ్చి, అన్నిట్లోనూ ఒకే జవాబు రావాలని చూశాం. పాత కోడ్ మీద వాటిని నడిపితే తప్పని చూపే ఎర్ర గీతలు వరసగా పడ్డాయి, కొత్తదాని మీద ఒక్కటీ పడలేదు. ఒక రోజంతటి షెడ్యూల్ కళ్లు మూసి తెరిచే లోపు పరీక్షించేయొచ్చు. టైము చూసే భాగం కూడా ఇప్పుడు సెకనుకోసారి లేవదు. తర్వాతి స్లాట్‌కి ఇంకెంత ఉందో లెక్కేసి అంతసేపు ఆగుతుంది. లేచేసరికి సెకనుకంటే ఎక్కువ ఆలస్యమైతే ఆ స్లాట్ వదిలేసి వింటుంది. కొంచెం ఆలస్యంగానైనా పంపేస్తే ఏం పోయిందని అబ్బాయి వాదించాడు. నేను ఒప్పుకోలేదు. గాలి అందరిదీ. చదవడానికి పనికిరాని సిగ్నల్‌ని దాదాపు రెండు నిమిషాలు పంపితే ఆ 200 హెర్ట్జ్ ఇరుకులో ఉన్న మిగతావాళ్లకి అడ్డం.

తర్వాత వచ్చింది లాటరీ సంగతి. విస్పర్‌లో ప్రతి స్లాట్‌లోనూ పంపరు. ఐదింట ఒకటి పంపి మిగతా నాలుగు వినడం చాలామంది పెట్టుకునే లెక్క. అది కూడా సరిగ్గా ప్రతి ఐదోదీ కాకూడదు, ఎలా పడితే అలా పడాలి. లేకపోతే ఒకే వరసలో పడిన ఇద్దరు ఎప్పటికీ ఒకేసారి పంపుతూ, ఒకరినొకరు జన్మలో వినరు. పాత కోడ్ ప్రతిసారీ కొత్తగా రాండమ్ సంఖ్య తీసేది. దాన్ని టెస్ట్ చెయ్యలేం. అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు: స్లాట్ నంబరుని హ్యాష్ ఫంక్షన్‌లో (ఇచ్చినదాన్ని కలగాపులగం చేసి ఒక సంఖ్య ఇచ్చే లెక్కలో) వేద్దాం, వచ్చే సంఖ్య ఐదింట ఒక వంతులో పడితే పంపుదాం. చూడడానికి రాండమ్‌గానే ఉంటుంది, కానీ అదే నంబరుకి ఎప్పుడూ అదే జవాబు. చక్కగా టెస్ట్ చెయ్యొచ్చు.

నాకు నచ్చింది. యూరప్ ఆయనకీ నచ్చింది. వీడియో కాల్‌లో అన్న షాపులో కూర్చుని ఏదో బోర్డు సోల్డరింగ్ చేసుకుంటూ వింటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "స్లాట్ నంబరు అందరికీ ఒకటే గదా? అట్టయితే ఆ అమ్మాయి కంప్యూటరూ నా కంప్యూటరూ ఒకేసారి పంపుతాయి. ఈ ప్రోగ్రాం పెట్టుకున్నోళ్లంతా ఒకేసారి పంపుతారు. ఇంక వినేదెవురు?"

ఎవరూ మాట్లాడలేదు. కోడ్ ఒక్క లైను రాయని మనిషి, మేమంతా చూస్తూ దాటేసిన గొయ్యిని చూపించాడు. రేడియో బుర్ర అంటే అదే. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక కంప్యూటరు గురించి ఆలోచిస్తారు, రేడియో వాళ్లకి అవతలి స్టేషన్ ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది.

జవాబు తేలికే, స్లాట్ నంబరుతో పాటు కాల్‌సైన్ కూడా హ్యాష్‌లో కలపడం. గడి పేరు కూడా కలుపుదామని అబ్బాయి అన్నాడు. దానికి నేను అడ్డం చెప్పాను. గడుల హద్దు 80 డిగ్రీల రేఖాంశం మీదుగా పోతుంది. నెల్లూరు ఊరికి తూర్పు పక్కన ఆ గీత ఉంది, కావలి కూడా దాదాపు దాని పక్కనే. ఇంట్లో ఉంటే నాది ఎంకే94. రేడియో సంచిలో పెట్టుకుని తుమ్మలపెంట బీచ్‌కి పోతే ఎన్‌కే04. ఒంగోలు ఎన్‌కే05. సముద్రం చూడ్డానికి పోయినప్పుడల్లా షెడ్యూల్ మారిపోవడం ఎందుకు? కాల్‌సైన్ చాలు. హ్యాష్‌కి కూడా పైథాన్ భాషలో మామూలుగా దొరికే ఫంక్షన్ వాడలేదు. అది అక్షరాల మాటలకి ప్రోగ్రాం మొదలుపెట్టిన ప్రతిసారీ వేరే సంఖ్య ఇస్తుంది. ఎప్పుడూ ఒకే జవాబిచ్చే షా-256 అనే హ్యాష్ వాడాం. టెస్ట్‌లో రెండు కాల్‌సైన్లు ఇచ్చి చాలా రోజుల స్లాట్లు నడిపితే ఒక్కోటీ ఐదింట ఒకటి, ఇద్దరూ ఒకేసారి పంపడం నూటికి నాలుగు చుట్టూ వచ్చింది. ఉండాల్సింది అంతే.

ఈ లెక్క వేస్తున్నప్పుడే ఇంకొకటి తేలింది. హాపింగ్‌లో 20 మీటర్లు గంటకి మూడుసార్లే వస్తుంది. ఐదింట ఒకటి చొప్పున పంపితే సగటున వంద నిమిషాలకి ఒకసారి. గంట మొత్తంలో ఒక్కసారి కూడా 20 మీటర్లలో పంపకపోయే అవకాశం సగానికంటే ఎక్కువ. హాపింగ్ పెట్టుకుని రిపోర్టులు రావడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి కారణం ఇదే అయ్యుంటుంది. అందుకని ఏ బ్యాండ్‌కి ఎంత వాటా అన్నది వేరేగా పెట్టుకునే సెట్టింగు చేర్చాం.

ఇక కరెంటు. వానాకాలంలో మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో, నా దగ్గరున్న మోడల్‌లో, బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చి మళ్లీ లేచినప్పుడు ఆరిపోయే ముందు దాచుకున్న టైమునే ఇప్పటి టైము అనుకుంటుంది. రూటర్ లేచి, ఇంటర్నెట్ వచ్చి, సర్వర్ నుంచి సరైన టైము అందేదాకా అది పాత కాలంలోనే ఉంటుంది. ఆ మధ్యలో ప్రోగ్రాం ధైర్యంగా పంపేస్తే ఏ స్లాట్‌లో పడుతుందో దేవుడికి తెలియాలి. దీనికి మేం పెట్టిన నియమం సూటిగా ఉంటుంది: టైము సరిచేసుకున్నానని సిస్టమ్ చెప్పేదాకా నిర్ణయం ఏదైనా సరే "విను" అనే. నేను మేడ మీద ఒక జీపీఎస్ మాడ్యూల్ కూడా పెట్టాను, ఇంటర్నెట్ లేకపోయినా టైము వస్తుంది. కానీ అది అందరి దగ్గరా ఉండదు కాబట్టి కోడ్ దాన్ని నమ్ముకోకూడదు.

ఇంకో చిక్కు, పంపుతుండగా మధ్యలో గడియారం సర్దుకుంటే? పంపడం గడియారం చూసి మొదలుపెట్టాలి, ముగించడం మాత్రం గడియారం చూసి కాదు. ఎంతసేపైందో లెక్కపెట్టడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎప్పుడూ ముందుకే నడిచే వేరే కౌంటర్ ఉంటుంది. 110.6 సెకన్లు దానితోనే కొలవాలి. పాత కోడ్ రెండిటికీ ఒకే గడియారం వాడేది.

అయినా సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌వేరే, మధ్యలో ఆగిపోతే రేడియో పంపే స్థితిలోనే ఉండిపోతుంది, ఫైనల్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఇక్కడ అన్న తన పని చూపించాడు. 555 టైమర్ ఐసీ, రిలే, చిన్న బోర్డు. రేడియోని పంపే స్థితికి మార్చే పీటీటీ లైను ఈ రిలే గుండా పోతుంది. గడువు దాటితే రిలే తెంచేస్తుంది, కంప్యూటరు ఏం చెప్పినా సరే. ఒక మెగా ఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే లెక్క ప్రకారం 110 సెకన్లు వస్తుంది. మనకి కావాల్సింది 110.6. అర సెకనులో సందేశం తోక తెగిపోతుంది. పైగా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద రాసిన విలువకీ లోపల ఉన్నదానికీ ఇరవై శాతం దాకా తేడా ఉండొచ్చు. అందుకని 680 కిలో ఓమ్‌లకి వరసగా ఒక మెగా ఓమ్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి, రిలే టిక్‌మనేదాకా ఆగి, సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ ఆగి, అలా 115కి తెచ్చాడు. మధ్యాహ్నం ఎండకి షాపు వేడెక్కినప్పుడు మళ్లీ కొలిచి చూసుకున్నాడు. అలాంటిదే నాకొకటి కట్టి బస్సులో పంపించాడు.

యూరప్ ఆయనతో పని చెయ్యడం గురించి ఒక మాట చెప్పాలి. మాకు రాత్రి భోజనాలయ్యే వేళకి ఆయనకి మధ్యాహ్నం. మేం పంపినదానికి మర్నాడు పొద్దున జవాబు ఉండేది. అన్ని మార్పులూ ఒకే మూటగా పంపొద్దని, ఒక్కో మార్పు ఒక్కో పుల్ రిక్వెస్ట్‌గా పంపమని అడిగాడు. అబ్బాయికి మొదట విసుగొచ్చింది. తర్వాత వాడే ఒప్పుకున్నాడు, యూటీసీ మార్పు, విడదీయడం, హ్యాష్, టైము నమ్మకం వేరువేరుగా ఉంటే ఒక్కోదాని మీద చర్చ తెగుతుంది. మేం మాట్లాడుకునేది తెలుగులో, రాసేది ఇంగ్లీషులో. అన్న చెప్పిన అభ్యంతరాన్ని అబ్బాయి ఇంగ్లీషులో పెట్టి, ఇది ఒంగోలులో ఉన్న మా రేడియో సీనియర్ పట్టుకున్నదని రాశాడు. కమిట్‌లో, అంటే ఆ మార్పు నమోదులో, అన్న కాల్‌సైన్ కూడా చేర్చారు. అన్న ఆ తెరని ఫోటో తీసి షాపు కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు.

యూటీసీ మార్పు అసలు కోడ్‌లో కలిసిపోయాక హాపింగ్ ఆన్ చేసి కూర్చున్నాం. రాత్రి తొమ్మిదిన్నర దాటాక, 9:40 స్లాట్‌లో ఒక వాట్‌తో 20 మీటర్లలో పంపాను. యూటీసీ 16:10. రిపోర్టులు వచ్చేసరికి కొంచెం టైము పడుతుంది. వచ్చిన వరసల్లో యూరప్ పెద్దాయన కాల్‌సైన్ ఉంది, రొద కింద 24 డెసిబెల్స్. నేను ఫోన్ తీసేలోపే ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది: "చూశావా అమ్మాయ్?"

ఇప్పుడు చేస్తున్నది యాంటెన్నా మార్చే భాగం. స్లాట్ 120 సెకన్లు, ఒక సెకనుకి మొదలై 110.6 సెకన్లు పంపితే తర్వాతి స్లాట్‌కి మిగిలేది 8.4 సెకన్లు. ఆ కాస్తలోనే రిలే మారాలి, యాంటెన్నా ట్యూన్ అవ్వాలి. ట్యూనర్‌కి పట్టే సమయం ఒక్కో బ్యాండ్‌కి ఒక్కోలా ఉంది. దాన్ని కూడా నిర్ణయం చేసే భాగం ముందే తెలుసుకోవాలా, రేడియో భాగానికి వదిలెయ్యాలా అన్నది మా ముగ్గురికీ ఇంకా కుదరలేదు. అబ్బాయి మొదటిదంటాడు, నేను రెండోదంటాను.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికైనా రిసీవర్ ఉంటే వినొచ్చు, లేదంటే లైసెన్సు ఉన్న హామ్‌ని అడిగి పక్కన కూర్చుని విన్నా చాలు. మన గడియారం ప్రకారం 40 మీటర్లు ప్రతి గంటలో 16, 36, 56 నిమిషాలకి, డయల్ 7.0386 మెగాహెర్ట్జ్. 20 మీటర్లు గంట కొట్టినప్పుడు, ఆ తర్వాత 20, 40కి, డయల్ 14.0956. 15 మీటర్లు 04, 24, 44కి. 10 మీటర్లు 08, 28, 48కి. రేడియోని అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో పెట్టాలి. ఐదింట ఒకటే కాబట్టి మొదటి స్లాట్‌లో రాకపోతే ఇంకాసేపు ఉండండి.